వంగకుండా బోల్లు సర్దాలంటే: మోటారుతో లేచే బుట్టా, గట్టెక్కించిన మెషినా?

డిష్‌వాషర్ వచ్చాక బోల్లు తోమే బాధ పోతుంది గానీ వంగే బాధ పోదు. షోరూములో ఈ మాట ఎవరూ ఎత్తరు, మనకూ అప్పుడు తట్టదు. మామూలు మెషిన్‌లో కింది బుట్ట నేలకు జానెడు ఎత్తులోనే ఉంటుంది. గంజులు, కుక్కర్లు, పెద్ద తలెలు అన్నీ పోవాల్సింది అందులోకే. పెట్టేటప్పుడు వంగాలి, తీసేటప్పుడూ వంగాలి. పెద్దవాళ్ల మోకాళ్ల నొప్పులు చూడలేక మెషిన్ కొంటే, ఆ పెద్దవాళ్లే దాని జోలికి పోకుండా సింకు దగ్గర నిలబడి తోముకుంటున్న ఇళ్లు హనుమకొండలో నాకు తెలిసినవే ఉన్నాయి. సింకు దగ్గరైతే వంగే పని లేదు కదా.

అందుకే కింది బుట్టను పైకి లేపే మెషిన్ల మాట వినగానే చాలామందికి ప్రాణం లేచొస్తుంది. బటన్ నొక్కితే మోటారే బుట్టను చేతికి అందిస్తుందంటే ఎవరికి ఆశ పుట్టదు? నన్ను అడిగిన చుట్టాలకూ పక్కింటివాళ్లకూ చెప్పిన మాటే ఇక్కడా ముందే చెప్పేస్తున్నాను. సొంత ఇల్లున్నవాళ్లు, చేతుల్లో బలం బాగానే ఉన్నవాళ్లు బుట్టను లేపే మోటారు కోసం వెతకొద్దు. మంచి మామూలు మెషిన్ కొని, దాన్నే అడుగు, అడుగుంబావు ఎత్తు గట్టు మీద కూర్చోబెట్టండి. మోటారు బుట్ట నిజంగా కావాల్సినవాళ్లు వేరే ఉన్నారు. వాళ్ల సంగతి కూడా వివరంగానే చెప్తాను, ఎందుకంటే వాళ్లకు గట్టు ఒక్కటే సరిపోదు.

బరువంతా కిందే ఎందుకు

డిష్‌వాషర్‌లో బ్రష్షులుండవు. ఒత్తిడితో చిమ్మే వేడి నీళ్లే పని చేస్తాయి. 1886లో అమెరికాలో జోసెఫిన్ కాక్రేన్ పేటెంట్ తీసుకున్న మెషిన్ కూడా నీటి ఒత్తిడితో కడిగిందే. ఇప్పటి మెషిన్లలో అడుగున తిరిగే రెక్క నుంచి నీళ్లు అన్నిటికంటే గట్టిగా తగిలేది కింది బుట్టకే. పప్పు అడుగంటిన గంజు, సర్వపిండి కాల్చిన గిన్నె, కూర మాడిన కడాయి అక్కడ బోర్లిస్తేనే వదులుతాయి. పై బుట్టలో గ్లాసులు, కటోరాలు, చిన్న ప్లేట్లు. అంటే బరువైనవన్నీ నేలకు దగ్గరగా, తేలికైనవన్నీ పైన. మెషిన్‌కు అది సరైన పద్ధతే, మన నడుముకు మాత్రం తలకిందుల వ్యవహారం. 12, 13 సెట్ల (ఒక మనిషి భోజనానికి వాడే సామాను ఒక సెట్) మెషిన్ నిండా స్టీలు సామాను సర్దితే కింది బుట్ట బరువు పది కిలోలు దాటడం పెద్ద విషయం కాదు.

మన వంటిళ్లలో ఇంకో సంగతి ఉంది. మెషిన్ రాత్రి ఒక్కసారి తిరిగినా, అందులో సామాను చేరేది రోజంతా. పొద్దున చాయ్ గ్లాసులు, తర్వాత టిఫిన్ ప్లేట్లు, పదింటికి కుక్కరు, మధ్యాహ్నం తలెలు, సాయంత్రం ఎవరైనా వస్తే మళ్లీ గ్లాసులు. బుట్టను బయటికి లాగడం రోజుకు రెండుసార్లు కాదు, పది పన్నెండు సార్లు జరిగే పని. ఎంపికలో ఈ లెక్క మర్చిపోతే అంతా తారుమారవుతుంది. లేపే బుట్టయితే లాగిన ప్రతిసారీ లేపాలి, పెట్టాలి, దించాలి, లోపలికి తోయాలి. ఒక్క చాయ్ గ్లాసు కోసం అన్నిసార్లు మోటారు నడిపే ఓపిక ఎవరికుంటుంది? నాలుగు రోజులు ముచ్చటగా లేపుతారు, ఐదో రోజు నుంచి వంగే పెడతారు. గట్టు మీది మెషిన్‌కు ఈ తంటా లేదు, ఎప్పుడు లాగినా బుట్ట ఎత్తులోనే ఉంటుంది.

కొనేముందు ఇంట్లోనే ఒక పరీక్ష

షోరూముకు పోకముందే ఇది చేసి చూడండి, పైసా ఖర్చు లేదు. ఒక ప్లాస్టిక్ టబ్బులో మీరు రోజూ వాడే తలెలు, ఒక గంజు, ఒక కుక్కరు పెట్టండి. మొదట దాన్ని జానెడు ఎత్తు పీట మీద, తర్వాత స్నానాల గదిలో వాడే ప్లాస్టిక్ స్టూలు మీద, ఆ తర్వాత కుర్చీ మీద పెట్టి, మెషిన్ ఎవరి కోసం కొంటున్నారో వాళ్లనే ఒక్కొక్కటి తీసి వంటగట్టు మీద పెట్టమనండి. వాళ్ల మాటలు వినడం కంటే చేతులు చూడండి.

మా ఇంట్లో అత్తమ్మతో చేయించాను. టబ్బు పీట మీదున్నప్పుడు ఆమె ఎడమ చెయ్యి దానంతటదే వంటగట్టు అంచును పట్టుకుంది. కుడి చేత్తో ఒక్కో తలె తీసింది, గంజు దగ్గర ఆగి, "గింత కిందికి వంగి గంజు ఎత్తుడు నాతోని కాదు బిడ్డా" అంది. అదే టబ్బు స్టూలు మీదికి రాగానే గట్టు మీది చెయ్యి వదిలేసింది. రెండు చేతులతో మూడు మూడు తలెలు కలిపి తీసింది, గంజును రెండు చెవులు పట్టుకుని లేపింది. కుర్చీ ఎత్తుకూ స్టూలు ఎత్తుకూ ఆమెకు పెద్ద తేడా కనిపించలేదు.

కిందికి వంగిన పెద్దవాళ్లకు ఒక చెయ్యి ఆసరాకే పోతుంది. బరువైన గిన్నెను ఒంటి చేత్తో ఎత్తాల్సి రావడం వల్లే అది జారడం, నడుము పట్టేయడం. పట్టుకున్న చెయ్యి ఏ ఎత్తులో వంటగట్టును వదిలేస్తే కింది బుట్టకు అదే మీకు కావాల్సిన ఎత్తు. టేపుతో కొలిచి రాసిపెట్టుకోండి. ఆ అంకె చేతిలో ఉంటే సేల్స్ అబ్బాయి ఏం చెప్పినా మీరు తడబడరు.

లేచే బుట్టలు ఎలా పనిచేస్తాయి

వీటిలో రెండు రకాలు. మొదటిది స్ప్రింగుతో లేచేది. ఎలక్ట్రోలక్స్, దాని ఏఈజీ బ్రాండు కంఫర్ట్‌లిఫ్ట్ పేరుతో తెచ్చింది ఇదే. చాలామంది దీన్ని మోటారు బుట్ట అనుకుంటారు గానీ ఇందులో మోటారు లేదు. బుట్టను పూర్తిగా బయటికి లాగి, పిడి దగ్గరున్న మీటను నొక్కి పైకి లేపితే, పక్కల ఉన్న చేతుల్లాంటి అమరిక బరువులో కొంత భాగం తాను మోస్తూ బుట్టను పైకి తెచ్చి నిలబెడుతుంది. దించేటప్పుడు దబ్బున పడకుండా మెల్లగా దిగుతుంది. ఆలోచన చక్కనిది, కరెంటుతో సంబంధం లేదు, చెడిపోయే వైర్లు లేవు. కానీ మీట నొక్కాలంటే వేళ్లలో పట్టుండాలి, లేపాలంటే భుజం కదలాలి. మెషిన్‌కు ఎదురుగా నిలబడి మొదట కిందికే చెయ్యి చాచాలి.

రెండోది మోటారుతో లేచేది. పక్కల అవే చేతులు, వాటిని కదిపే చిన్న మోటారు, గేర్లు, పైనా కిందా ఎక్కడ ఆగాలో చెప్పే స్విచ్చులు, అడ్డం తగిలితే ఆపేసే సెన్సరు. బటన్ నొక్కడమే మన పని. బుట్ట మామూలుగా సమంగా నిండదు, ఎడమ పక్క కుక్కరు, కుడి పక్క నాలుగు చెంచాలు ఉంటాయి. రెండు చేతులూ ఒకే వేగంతో లేవకపోతే బుట్ట ఒరుగుతుంది, పట్టాల్లో ఇరుక్కుంటుంది. పైగా ఇదంతా ఉండేది 60, 70 డిగ్రీల నీళ్లు, ఆవిరి, ఘాటైన డిటర్జెంట్ మధ్య. మోటారును టబ్బు బయట పెడితే కదలికను లోపలికి తీసుకుపోవడం కష్టం, లోపల పెడితే నీళ్లు చొరకుండా మూయడం కష్టం. కంపెనీలు ఈ ఆలోచన మీద చాలాకాలంగా పనిచేస్తున్నా, వరంగల్ షోరూముల్లో వరుసగా నిలబెట్టిన మెషిన్లలో మోటారు బుట్ట మామూలుగా కనిపించకపోవడానికి ఈ చిక్కులు కూడా కారణమేనని నా నమ్మకం.

ఇప్పుడు ఎత్తుల లెక్క చూడండి. మామూలు మెషిన్ ఎత్తు 84.5 సెంటీమీటర్లు. కింది బుట్ట అడుగు నేలకు 20, 25 సెంటీమీటర్ల దగ్గర, పై బుట్ట అడుగు అర మీటరు దగ్గర ఉంటాయి. స్ప్రింగు బుట్టను లేపితే వచ్చేది సుమారుగా పై బుట్ట ఉండే ఎత్తుకే. అంటే పాతిక, ముప్పై సెంటీమీటర్ల లాభం. ఒక అడుగు గట్టు ఇచ్చే లాభమూ అంతే! తేడా ఏమిటంటే, గట్టు కింది బుట్టతో పాటు పై బుట్టనూ లేపుతుంది, తలుపునూ లేపుతుంది, అడుగున మెతుకులు ఆపే జాలీ తీసి కడగాల్సి వచ్చినప్పుడు ఆ జాలీనీ లేపుతుంది. వారానికోసారి ఆ జాలీ తీయడానికి మెషిన్‌లోకి తల దూర్చిన ఎవరికైనా ఆ చివరి లాభం విలువ తెలుస్తుంది. బుట్టను ఎంత లేపినా జాలీ కిందే ఉంటుంది.

గట్టు కట్టించేటప్పుడు

గట్టు అనగానే నాలుగు ఇటుకలు పేర్చి మెషిన్ పెట్టేయడం కాదు. ఇక్కడ కాస్త ఓపిక పట్టి చదవండి, తప్పు జరిగితే ప్రమాదం జరిగేది ఇక్కడే.

మొదట చోటు. అడుగుంబావు గట్టు మీద 84.5 సెంటీమీటర్ల మెషిన్ పెడితే దాని నెత్తి మన ఛాతీ దగ్గరికి వస్తుంది. మామూలు వంటగట్టు కిందికి ఇక పట్టదు. వంటగట్టు ఆగిపోయే చివర, ఫ్రిజ్ పక్కన, లేదా వెనక వాష్ ఏరియాలో చోటు చూసుకోవాలి. హనుమకొండ, కాజీపేటల్లో ఇండిపెండెంట్ ఇళ్లకు వెనక వాష్ ఏరియా దాదాపు ఉంటుంది, నల్లా, మోరీ అక్కడే ఉంటాయి కాబట్టి పని సులువు. వాన జల్లు పడకుండా పైన రేకు, పక్కన షట్టరు ఉండాలి. ఎలుకల బెడద ఉంటే గట్టు ఇంకో మేలు కూడా చేస్తుంది. నేలను ఆనుకుని ఉన్న మెషిన్ అడుగు ఎలుకలకు వెచ్చని ఇల్లు, వైర్లు కొరికేసేది అక్కడే. గట్టు గుల్లగా కాకుండా నిండుగా కట్టి, పైన కడప బండ గానీ గ్రానైటు గానీ వేయించండి. కింద ఖాళీ ఉంచి సామాను పెట్టుకుందామనే ఆశ వద్దు.

కొలత మెషిన్‌కంటే కాస్త పెద్దదిగా ఉండాలి. మెషిన్ వెడల్పు, లోతు చెరో 60 సెంటీమీటర్లు. వెనక గొట్టాలకు చోటు వదలాలి, నాలుగు కాళ్లూ పూర్తిగా బండ మీదే ఆనాలి. అయితే బండ ముందు వైపు మెషిన్‌ను దాటి పొడుచుకు రాకూడదు, తలుపుకు తగులుతుంది. బట్టల మెషిన్ లాగా ఇందులో డ్రమ్ము గిర్రున తిరగదు కాబట్టి అదురు భయం లేదు. మట్టం మాత్రం సరిగ్గా చూసుకోవాలి. ఒక పక్కకు ఒరిగితే అడుగున నీళ్లు నిలుస్తాయి, తలుపు సరిగ్గా పడదు.

అన్నిటికంటే ముఖ్యం, మెషిన్ ముందుకు ఒరగకుండా వెనక గోడకు బిగించాలి. తలుపు తెరిచి, నిండిన రెండు బుట్టల్నీ బయటికి లాగితే బరువంతా ముందుకు వస్తుంది. నేల మీదున్నప్పుడు ఒరిగితే తలుపు నేలకు ఆని ఆగొచ్చు, గట్టు మీద ఆ ఆసరా లేదు. పిల్లలు తెరిచిన తలుపు మీద చేతులు ఆనిస్తే ఇక చెప్పక్కర్లేదు. బాడీకి ఎక్కడ పడితే అక్కడ రంధ్రం పెట్టొద్దు, వారంటీ పోతుంది, లోపల ఏ గొట్టానికో తగులుతుంది. కంపెనీ నుంచి బిగించడానికి వచ్చే టెక్నీషియన్‌నే అడిగి, అతను చూపించిన చోటే క్లాంపు వేయించండి. కొనేముందే ఫోన్ చేసి, "గట్టు మీద పెడతాం, గోడకు బిగించే ఏర్పాటు ఉందా?" అని అడగడం ఇంకా మంచిది.

ఇంకొకటి డ్రైన్ గొట్టం. మెషిన్ ఎత్తు మీద, మోరీ కింద ఉన్నప్పుడు గొట్టాన్ని నేరుగా కిందికి వదిలేస్తే, నీళ్లు నిండుతున్నప్పుడే వాటంతటవే కారిపోయే అవకాశం ఉంది. డ్రమ్ములోంచి పైపుతో నీళ్లు లాగినట్టే ఒకసారి ధార మొదలైతే ఆగదు. మెషిన్ నింపుకుంటూనే ఉంటుంది, నీళ్లు పోతూనే ఉంటాయి, చివరికి ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. అందుకని గొట్టాన్ని ముందు పైకి, మెషిన్ నడుము దాటేంత ఎత్తుకు తీసుకుపోయి గోడకు క్లిప్పు వేసి, అక్కడి నుంచి కిందికి దించాలి. ఎంత ఎత్తు దాకా పోవచ్చో మెషిన్‌తో వచ్చే పుస్తకంలో ఉంటుంది, అది దాటితే పంపు మీద భారం పడుతుంది. గొట్టం కొస నీళ్లలో మునిగి ఉండకూడదు.

16 ఆంపియర్ల సాకెట్ మెషిన్ వెనక కాకుండా పక్కన, చేతికి అందేచోట పెట్టించండి. హీటరు ఉన్న మెషిన్ ఇది, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడపొద్దు.

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు, మాడ్యులర్ కిచెన్ చేయిస్తున్నవాళ్లకు ఇంకా చక్కని దారి ఉంది. ఓవెన్ పెట్టే పొడవాటి అల్మారా లాంటిదే డిష్‌వాషర్‌కూ చేయించుకోవచ్చు. కింద లోతైన సొరుగు, దాని మీద మెషిన్, పైన అర. దీనికి బిల్టిన్ మోడల్ తీసుకుంటే కప్‌బోర్డుకే గట్టిగా బిగిస్తారు. మెషిన్ బరువే 40, 50 కిలోల దాకా ఉంటుంది, నిండితే ఇంకా ఎక్కువ. కార్పెంటరుకు డ్రాయింగు గీయకముందే చెప్పాలి, తర్వాత చెప్తే మామూలు చెక్క మీద నిలబెట్టేస్తాడు.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకు

గట్టు కట్టించడానికి ఓనరు ఒప్పుకోడు, ఒప్పుకున్నా రేపు వదిలి పోవాల్సిందే. ముగ్గురు నలుగురున్న కుటుంబానికైతే 8 సెట్ల టేబుల్‌టాప్ మెషిన్ సరైన జవాబు. వోల్టాస్ బెకో, ఫేబర్ లాంటి కంపెనీలవి దొరుకుతాయి. ఎత్తు 60 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. వంటగట్టుకూ పైన అల్మారాకూ మధ్య చాలా ఇళ్లలో అంతే ఖాళీ, కాబట్టి కొలవకుండా కొనొద్దు. వంటగట్టు మీద కంటే, నేల మీద రెండడుగుల ఎత్తున్న గట్టి ఇనుప స్టాండు వేసి దాని మీద పెడితే ఇంకా బాగుంటుంది, బుట్ట సరిగ్గా నడుము దగ్గరికి వస్తుంది. పెద్ద గంజు, ఐదు లీటర్ల కుక్కరు ఇందులో పట్టడం కష్టం. పండక్కి సకినాలు కాల్చిన మూకుడు ఎలాగూ చేత్తోనే తోమాలి.

సొరుగులా బయటికి వచ్చే డిష్‌వాషర్లు కూడా ఉన్నాయి. న్యూజిలాండ్ కంపెనీ ఫిషర్ అండ్ పైకెల్ 1997లో డిష్‌డ్రాయర్ పేరుతో తెచ్చింది. పైనుంచి సామాను దించుతాం కాబట్టి వంగే పని చాలా తక్కువ. జంట సొరుగుల మోడల్‌లో కింది సొరుగు మళ్లీ నేల దగ్గరే, ఒక్క సొరుగు మోడల్‌ను వంటగట్టు కిందే బిగించుకుంటే అసలు ప్రయోజనం. ధర ఎక్కువ. మన దగ్గర మరమ్మతుకు మనిషి దొరుకుతాడో లేదో రాతపూర్వకంగా తేల్చుకోకుండా అటు పోవద్దంటాను.

మోటారు బుట్ట ఎవరికి కావాలి

కీళ్లవాతంతో వేళ్లు ముడుచుకుపోయినవాళ్లకు స్ప్రింగు బుట్ట మీట నొక్కడమే గండం. పక్షవాతం తర్వాత ఒక చెయ్యి మాత్రమే పనిచేసేవాళ్లు నిండు బుట్టను ఒరగకుండా లేపలేరు. భుజం పట్టేసినవాళ్లదీ అదే కథ. చక్రాల కుర్చీలో కూర్చుని వంట చేసుకునేవాళ్లకైతే మరీ ఎత్తు గట్టు పనికిరాదు, పై బుట్ట ముఖం దాకా వచ్చేస్తుంది. వాళ్లకు మెషిన్ కాస్త కిందే ఉండి, బుట్ట దానంతటదే ఒడి ఎత్తుకు లేచి రావడం నిజమైన స్వేచ్ఛ. ఇంట్లో ఇంకొకరిని పిలవకుండా తన తలె తాను మెషిన్‌లో పెట్టుకోగలగడం వాళ్లకు ఎంత పెద్ద విషయమో బయటివాళ్లకు తెలియదు. అలాంటి మనిషి మీ ఇంట్లో ఉంటే ధర చూసి వెనక్కి తగ్గొద్దు. దొరికే చోట నుంచి తెప్పించుకోండి.

కానీ కొనేముందు కొన్ని సంగతులు గట్టిగా తేల్చుకోవాలి. బుట్ట పైకి లేచి ఉండగా కరెంటు పోతే చేత్తో దించే వీలుందా? మనకు కరెంటు ఇచ్చే సంస్థ ఎన్‌పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం హనుమకొండలోనే ఉన్నా, ఎండాకాలం గాలిదుమారం వస్తే కరెంటు పోవడం అందరికీ తెలిసిందే. బుట్ట దిగకపోతే తలుపు మూయలేం, ఆ తలుపు దారికి అడ్డంగా ఉండిపోతుంది. మోటారు పాడైతే అదే బుట్టను మామూలు బుట్టలా వాడుకోవచ్చా, లేక మెషిన్ మొత్తం మూలకు పడుతుందా? నా దృష్టిలో ఇది అన్నిటికంటే పెద్ద ప్రశ్న. మోటారుకూ చేతులకూ వారంటీ మెషిన్‌తో సమానంగా ఉందా? విడిభాగాలు హైదరాబాదులో ఉంటాయా, విదేశం నుంచి రావాలా? వరంగల్‌కు హైదరాబాదు 150 కిలోమీటర్ల లోపే కాబట్టి అక్కడుంటే పరవాలేదు.

డెమో ఖాళీ బుట్టతో చూడొద్దు. ఖాళీ బుట్టను ఏ మోటారైనా లేపుతుంది. సంచిలో మీ గంజు, కుక్కరు, పది తలెలు పట్టుకుపోండి, మొహమాటపడొద్దు. బరువంతా ఒక పక్కకే పెట్టి లేపమనండి. మధ్యలో చెక్క గరిటె అడ్డం పెట్టి, మోటారు ఆగుతుందో లేదో చూడండి. మనవళ్లు, మనవరాళ్లున్న ఇంట్లో ఆ పరీక్ష నెగ్గని మెషిన్‌ను ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

నీళ్ల సంగతి

ఏ రకం తీసుకున్నా నీళ్లు ఒకసారి చూసుకోవాలి. ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువుల నుంచి వచ్చే నల్లా నీళ్లతో పోలిస్తే చాలా కాలనీల్లో బోరు నీళ్లు గడుసుగా ఉంటాయి. గీజరు కాయిల్ మీద, షవరు రంధ్రాల్లో తెల్లటి పెచ్చు కడుతుంటే మీవి కఠిన జలాలే. మెషిన్‌లో వేసే ప్రత్యేకమైన ఉప్పు ఆ కాఠిన్యాన్ని తగ్గించడానికే, నీళ్లకు తగ్గట్టు సెట్టింగు పెట్టుకోవాలి. వంటింటి ఉప్పు అస్సలు వేయొద్దు. లేచే బుట్టలకు ఇది ఇంకాస్త ముఖ్యం, ఎందుకంటే చేతుల కీళ్ల దగ్గర పెచ్చు పేరుకుంటే కదలిక బిగుసుకుపోతుంది. ఒక విడతకు 10 లీటర్ల చుట్టే నీళ్లు ఖర్చు కాబట్టి, నల్లా నీళ్లు రెండు రోజులకోసారి వచ్చే ఇళ్లలో ట్యాంకులో వాటిని విడిగా నిలవ చేసి మెషిన్‌కు ఇవ్వడం సాధ్యమే.

ఇప్పటికే మెషిన్ ఉన్నవాళ్లు

కొత్తది కొనక్కర్లేకుండా కొంత ఉపశమనం ఉంది. బాష్ లాంటి కంపెనీల చాలా మోడళ్లలో పై బుట్ట ఎత్తు మార్చుకోవచ్చు. దాన్ని ఒక మెట్టు దించితే టిఫిన్ ప్లేట్లు, మధ్యరకం గిన్నెలు పైనే పట్టేస్తాయి. పెద్దవాళ్లు ముట్టుకునేవన్నీ పై బుట్టలో, గంజులూ కుక్కర్లూ మాత్రం కిందికి అని ఇంట్లో ఒక మాట అనుకోండి. కింది బుట్ట బాధ్యత కొడుకుదో కోడలిదో అయితే సగం సమస్య అక్కడే తీరుతుంది. అన్నం తినే పెద్ద తలెలు పైన పట్టవు. వాటికి బదులు కాస్త చిన్నవి కొనుక్కోవడం గట్టు కట్టించడం కంటే చౌక. మెషిన్ ముందు ఒక స్టూలు వేసుకుని, కూర్చుని సర్దడం మోకాళ్లకు హాయి, అయితే నడుము నొప్పి ఉన్నవాళ్లు కూర్చుని పక్కకు తిరిగి బరువెత్తకూడదు.

ఖర్చు విషయానికొస్తే, 12 నుంచి 14 సెట్ల మామూలు మెషిన్లు మోడల్‌ను బట్టి 30,000 నుంచి 60,000 రూపాయల మధ్య దొరుకుతాయి. గట్టుకు మేస్త్రీ కూలి, బండ, ప్లంబరు, కరెంటు పని కలిపినా కొన్ని వేలలో అయిపోతుంది. దసరాకు, దీపావళికి ఆఫర్లుంటాయి గనుక మెషిన్ అప్పుడు కొన్నా, గట్టు మాత్రం ముందే కట్టించి, నీళ్లు కొట్టి ఆరనివ్వండి. మెషిన్ ఇంటికొచ్చిన రోజే టెక్నీషియన్ బిగించి పోతాడు. ఆరోజుకు గట్టు సిద్ధంగా లేకపోతే అతను నేల మీదే పెట్టేస్తాడు, తర్వాత దాన్ని పైకెక్కించడానికి మళ్లీ విజిటింగ్ ఛార్జీ, మళ్లీ నలుగురు మనుషులు కావాలి.